లోతు తక్కువ మొగల్లో మోటార్లు ఎందుకు పట్టేస్తున్నాయి: ఇంజన్లు మంజూరు చేసే అధికారులకు బహిరంగ లేఖ

తీర ప్రాంత మత్స్యశాఖ అధికారులకు, పడవలూ ఇంజన్లూ సబ్సిడీ మీద మంజూరు చేసే కమిటీల వారికి, మత్స్యకార సహకార సంఘాల పెద్దలకు

నమస్కారం.

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో, బాహుదా నది మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరి సోనాపురం మొదలుకొని ఋషికుల్య మొగ దగ్గరి గోఖరకుడ, పోదంపేట దాకా ఉన్న తెలుగు పల్లెల్లో ఫైబరు పడవలకు వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్లు బిగించేవాళ్ళం, విప్పి బాగుచేసేవాళ్ళం, వాటిమీద వేటకు వెళ్ళేవాళ్ళం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా మొగల్లో మోటార్లు తరచూ పట్టేసేది, అంటే పిస్టను బిగుసుకుని ఆగిపోయేది, చల్లబరిచే నీళ్ళు అందక. నీళ్ళు అందకపోవడానికి మూలం చాలాసార్లు అరచేతిలో ఇమిడే ఒక రబ్బరు ముక్క. దాన్ని వేళకు మార్చే ఏర్పాటు, మోటారును సరైన ఎత్తులో బిగించే ఏర్పాటు, రేవులో మంచినీళ్ళతో కడిగే ఏర్పాటు మంజూరు పత్రంలోనే ఉండాలని మా కోరిక. ఎందుకు కోరుతున్నామో వివరంగా చెబుతాం, దయచేసి ఓపికగా చదవండి.

ముందు మా నీళ్ళ సంగతి. ఈ తీరం వెంట ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. నదిలో నీరు తగ్గిన కాలంలో ఆ ఇసుక మొగకు అడ్డంగా నాలుకలా సాగి దారిని ఇరుకు చేస్తుంది. వానాకాలం వరద దాన్ని కోసుకుపోతుంది, తర్వాత మళ్ళీ మేట వేస్తుంది. ఇచ్ఛాపురం మీదుగా వచ్చి సోనాపురం దగ్గర సముద్రంలో కలిసే బాహుదాకూ ఇదే గుణం, ఋషికుల్యకూ ఇదే గుణం. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, మొగలోని ఇసుక మెట్ట మీద మోకాలి లోతు నీళ్ళే ఉండే రోజులుంటాయి. అల విరిగే చోట నీరు తేటగా ఉండదు. దోసిట్లో పట్టి వదిలేస్తే అరచేతిలో ఇసుక మిగులుతుంది. మోటారు తాగాల్సింది ఆ నీటినే. రంభ వైపు చిల్కా సరస్సులో ఇసుక బాధ తక్కువ. అక్కడ సగటున ఐదడుగులే ఉండే లోతులో నాచు, గడ్డి, తెగిన వల పోగులు, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడతాయి.

లారీకి ఉన్నట్టు ఈ మోటారుకు రేడియేటరు లేదు. పడవ నడిచే నీరే దాన్ని చల్లబరచాలి. నీళ్ళలోకి దిగే కింది భాగాన్ని లెగ్గు అంటాం. దానికి రెండు పక్కలా, పడవను నెట్టే ఫ్యానుకు పైన అడ్డంగా ఉండే క్యావిటేషన్ ప్లేటుకు కింద, జల్లెడ లాంటి కన్నాలుంటాయి. నీరు అక్కడ లోపలికి దూరి, నిలువు షాఫ్టు మీద కూర్చున్న నీళ్ళ పంపుకు చేరుతుంది. పంపులో ఉండేది ఇంపెల్లరు అనే రబ్బరు రెక్కల చక్రం, చిన్న మోటార్లలో సాధారణంగా ఆరు రెక్కలు. అది తిరిగే స్టీలు గిన్నె షాఫ్టుకు సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందువల్ల ఒకవైపు రెక్కలు వంగి నలుగుతాయి, రెండోవైపు విచ్చుకుంటాయి. విచ్చుకునే చోట నీటిని లాగుతాయి, నలిగే చోట పైకి తోస్తాయి. ఆ నీరు సన్నని గొట్టం గుండా ఎక్కి, సిలిండర్ల చుట్టూ తిరిగి, వేడెక్కితే తెరుచుకునే థర్మోస్టాటు అనే చిన్న కవాటం దాటి, పొగతో కలిసి బయటికి పోతుంది. అందులో కొద్ది భాగం మోటారు వెనక సన్నని ధారగా చిమ్ముతుంది. పడవ నడిపే సరంగులందరూ చూసేది ఆ ధారనే.

ఈ పంపుకు రెండు నడకలున్నాయి. స్లో మీద ఉన్నప్పుడు రెక్కల కొసలు గిన్నె గోడను గట్టిగా ఒరుసుకుంటూ తిరుగుతాయి, చేతిపంపు లాగా నీటిని నెట్టుకుపోతాయి. స్పీడు పెరిగితే నీటి ఒత్తిడికి రెక్కలు వెనక్కి వాలిపోయి గోడను వదిలేస్తాయి, అప్పుడు విసురుతోనే నీరు పైకి వెళుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం జబ్బులు రేవులోనే పట్టుకోవచ్చు. స్లో మీద ధార సన్నబడి, స్పీడు ఇచ్చాక బాగా వస్తే ఇంపెల్లరు కొసలు అరిగాయని అర్థం. స్లో మీద బాగానే వచ్చి, స్పీడు ఇచ్చాక తెగిపోతూ బుడగలతో వస్తే పంపు మంచిదే, దాని నోటికి నీరు అందడం లేదు. కన్నాలకు సంచి అడ్డం పడి ఉంటుంది, లేదా లెగ్గు మరీ పైకి ఉండి గాలి పీలుస్తోంది. రెండింట్లోనూ ధార అసలే లేకపోయినా మోటారు ఇంకా వేడెక్కకపోతే ముందు ధార కన్నాన్నే అనుమానించాలి. ఉప్పు పెళ్ళో ఇసుక రేణువో దాన్ని మూసేస్తుంది. గాలపు నైలాను దారం ముక్క లోపలికి దూర్చి తిప్పితే తెరుచుకుంటుంది. ఇనుప తీగ పెట్టి పొడిచేవాళ్ళున్నారు, దానివల్ల లోపలి గొట్టం చిల్లు పడుతుంది.

ఇసుక ఈ పంపును ఏం చేస్తుందో విప్పి చూస్తే గాని నమ్మకం కలగదు. మొగలో వేటకు బాగా తిరిగిన మోటారు పంపు మూత తీయండి. కొత్త ఇంపెల్లరు రెక్క కొస గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. పాతదాని కొస చదునుగా, అద్దంలా మెరుస్తూ ఉంటుంది. రెక్కల మొదట్లో వేలితో వంచితే సన్నని పగుళ్ళు నోరు తెరుస్తాయి. గిన్నె లోపల గోరు పెట్టి పై నుంచి కిందికి గీస్తే గోరు చారల్లో తగులుకుంటుంది. అడుగున ఉండే స్టీలు పలక మీద ఇంపెల్లరు తిరిగిన మేర గుండ్రటి గాడి పడి ఉంటుంది. ఆ గాడి గోటికి తెలిసేంత ఉంటే, కొత్త ఇంపెల్లరు ఒక్కటే వేసి లాభం లేదు. నీరు పైకి పోకుండా ఆ గాడి గుండా వెనక్కి జారిపోతుంది. కొత్త రబ్బరు వేశాక కూడా స్లో మీద ధార రాని మోటార్లన్నిటిలో మొదట చూడాల్సింది ఆ పలకనే.

నీళ్ళు లేకుండా తిరగడం ఇంకో చావు. ఆ రబ్బరుకు నీరే నూనె. ఒడ్డున పెట్టి "ఒక్కసారి స్టార్టవుతుందో లేదో చూద్దాం" అని తాడు లాగితే ఆ కొద్ది క్షణాల్లోనే కొసలు కాలడం మొదలవుతుంది, నిమిషం నడిస్తే రెక్కలు విరగొచ్చు. విరిగిన ముక్క అక్కడే ఉండిపోదు. గొట్టం ఎక్కి సిలిండరు చుట్టూ ఉన్న దారిలోనో థర్మోస్టాటు దగ్గరో ఇరుక్కుంటుంది. పంపు మార్చేవాడు పాత ఇంపెల్లరు రెక్కలు లెక్కపెట్టాలి. ఒక్క ముక్క తక్కువైనా దాన్ని వెతికి తీసేదాకా మోటారు మూయకూడదు. కొత్త పంపు వేసినా నెల తిరక్కుండా మళ్ళీ వేడెక్కే మోటార్లలో చాలాసార్లు దొరికేది ఆ పాత ముక్కే.

ఇక లోతు తక్కువ నీళ్ళలో ఇది ఎందుకు ఎక్కువో చెప్పాలి. చిన్న మోటార్ల ఫ్యాను అడ్డం తొమ్మిది పది అంగుళాలుంటుంది, దాని కింద రెక్కలాంటి కాలు ఉంటుంది. పడవ అడుగు నుంచి కిందికి దాదాపు అడుగు మేర లెగ్గు వేలాడుతుంది. ఆ కాలికీ నేలకీ మధ్య కనీసం జానెడు నీళ్ళు లేకపోతే ఫ్యాను తిప్పుడుకు అడుగు ఇసుక లేచిపోతుంది, కన్నాలు దాన్ని పీలుస్తాయి. రివర్సులో ఇది రెండింతలు. ముందుకు పోయేటప్పుడు లేచిన ఇసుక వెనక్కి పోతుంది. రివర్సు వేస్తే ఫ్యాను ఆ బురద నీటినీ పొగ బుడగలనూ తిన్నగా కన్నాల మీదికే తోస్తుంది. మెట్ట మీద ఇరుక్కున్న పడవను రివర్సులో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి లాగడం కంటే పంపుకు పెద్ద శత్రువు లేదు. ఇద్దరు దిగి నెట్టడం ఎప్పుడూ మేలు.

మెట్ట దాటడానికి మోటారును సగం ఎత్తి నడిపే పద్ధతి కూడా ఉంది. మోటారు తయారుచేసినవాళ్ళే దానికి ఒక గాడి ఇచ్చారు, అయితే షరతుతో. కన్నాలు నీళ్ళలోనే ఉండాలి, స్పీడు అతి తక్కువ ఉండాలి, ఆ స్థితిలో రివర్సు వేస్తే మోటారు ఎగిరిపడుతుందని గుర్తుండాలి. మా దగ్గర చాలామంది ఎత్తిన మోటారుతోనే అల మీద వేగంగా దూకిస్తారు. పడవ ముక్కు దిగి వెనక భాగం లేచిన ప్రతిసారీ కన్నాలు గాలిలోకి వస్తాయి, ఇంజను అరుపు మారుతుంది, పంపు ఎండిపోతుంది. ఒక్కసారికి ఏమీ కాదు. రోజుకు నాలుగుసార్లు, సీజనంతా అయితే అవుతుంది.

ఎత్తు సంగతి మీ చేతుల్లో ఉన్నది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాం. మోటార్లు ముఖ్యంగా రెండు పొడవుల్లో వస్తాయి: పడవ వెనక చెక్క ఎత్తు 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్టు, 20 అంగుళాలుంటే లాంగ్ షాఫ్టు. మోటారు బిగించాక క్యావిటేషన్ ప్లేటు పడవ అడుగుతో సమానంగా, లేదా ఒక అంగుళం లోపు కిందికి ఉండాలి. షార్ట్ షాఫ్టు తెచ్చి ఎత్తు చెక్కకు బిగిస్తే పంపు గాలి పీలుస్తుంది. లాంగ్ షాఫ్టును పొట్టి చెక్కకు బిగిస్తే లెగ్గు ఐదంగుళాలు అదనంగా వేలాడి ఇసుక దున్నుతుంది. అప్పుడు యజమాని ఏం చేస్తాడు? చెక్క మీద చెక్క వేసి మోటారును పైకి లేపుతాడు. ఖాళీ పడవలో కొలిచి లేపితే వల, ఐసు, మనుషులు ఎక్కాక లెక్క మారుతుంది. ముక్కు వైపు బరువు పడితే వెనక తేలి కన్నాలు బయటపడతాయి. మీ మంజూరు ఫారంలో "హెచ్.పి." గడి ఉంది, షాఫ్టు పొడవు గడి లేదు. పడవ వెనక చెక్క ఎత్తును టేపుతో కొలిచి రాసే ఒక్క గడి పెట్టండి. ఖర్చు లేని పని ఇది.

కొందరు ఇసుకను ఆపాలని కన్నాల మీద దోమతెర గుడ్డో సన్నని జాలీయో కట్టుకుంటున్నారు. ఇది మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని. సన్నని జాలీ పది నిమిషాల్లో నాచుతో పూడిపోతుంది, ఇసుక ఆగే లోపల నీరే ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన జల్లెడకు మించి ఏదీ కట్టకూడదు.

మొగ దాటే పద్ధతి గురించి సంఘాల పెద్దలు సరంగులకు చెప్పాల్సింది ఇంత. పోటు చూసుకుని దాటాలి. నేల తగులుతుందని తెలిసిన చోట తెడ్డుతోనో గడతోనో దాటి, ఆ తర్వాత మోటారు దించాలి. ఒడ్డుకు వచ్చేటప్పుడు పడవ ఇసుక తాకాక కాదు, తాకకముందే ఇంజను ఆపి లెగ్గు ఎత్తేయాలి. మొగ దాటాక లోతు నీళ్ళలో రెండు మూడు నిమిషాలు మామూలు స్పీడుతో నడిపితే లోపల చేరిన ఇసుక కొంత కొట్టుకుపోతుంది. ఆ సమయంలో వెనక్కి తిరిగి ధార చూడాలి.

ధారను కళ్ళతో చూడటం ఒక్కటే చాలదు, వేలు పెట్టి చూడాలి. ఇంజను కాగిన తర్వాత ఆ నీరు గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి కాలుతుంటే ప్రమాదం. కొన్ని మోడళ్ళలో ధారకు వెళ్ళే నీరు సిలిండర్లన్నీ చుట్టి రాక ముందే పక్కకు మళ్ళుతుంది, కాబట్టి ధార బాగున్నా లోపల ఒక దారి పూడి ఉండొచ్చు. అనుమానం ఉంటే మూత తీసి సిలిండరు హెడ్డు మీద ఒక చుక్క నీరు వేయండి. మెల్లగా ఆరితే భయం లేదు, చుయ్యిమని ఎగిరిపోతే ఇంజను వెంటనే ఆపాలి. పెద్ద మోటార్లలో వేడెక్కితే కూత పెట్టే హారను ఉంటుంది. మా పల్లెల్లో తిరిగే చిన్న చేతిమోటార్లలో చాలావాటికి ఆ హారను లేదు, అందుకే ఈ చుక్క పరీక్ష నేర్పాలి.

వేడెక్కిన మోటారు మీద బకెట్టుతో సముద్రపు నీళ్ళు పోసేస్తారు. ఇది మానాలి. కాగిన అల్యూమినియం హెడ్డు ఒక్కసారిగా ముడుచుకుని వంకర పోతుంది, గాస్కెట్టు పోతుంది. ఇంజను ఆపి, లంగరు వేసి, లెగ్గు ఎత్తి కన్నాలు చూడాలి. సంచి గాని నాచు గాని ఉంటే తీసేయాలి. ముప్పావు గంట దానంతటది చల్లారనివ్వాలి. చల్లారాక ప్లగ్గులు తీసి తాడు నెమ్మదిగా లాగితే పిస్టను స్వేచ్ఛగా కదులుతోందో లేదో చేతికే తెలుస్తుంది. గరగర తగిలితే మళ్ళీ స్టార్టు చేయకుండా ఇంకో పడవతో లాగించుకు రావడమే మేలు. నీరు కింది నుంచి పైకి ఎక్కాలి కాబట్టి, రెండు సిలిండర్ల మోటారులో ఒత్తిడి తగ్గినప్పుడు ముందు ఎండేది పై సిలిండరు. విప్పేటప్పుడు దాన్నే ముందు చూడాలి.

పట్టేసిన ప్రతి మోటారుకూ "ఆయిల్ తక్కువ కలిపావు" అని యజమాని మీద నెపం వేసేస్తున్నారు. టూ స్ట్రోక్ మోటారుకు ఆయిల్ తక్కువైనా పిస్టను పట్టేస్తుంది, నిజమే. కానీ నీళ్ళు అందక పోయిన మోటారు గుర్తులు వేరు. హెడ్డు దగ్గర రంగు మాడి పొక్కులెత్తుతుంది, హెడ్ గాస్కెట్టు సిలిండర్ల మధ్య కాలుతుంది, పంపు ఇంపెల్లరు విరిగో కరిగో ఉంటుంది. వారంటీ తేల్చేటప్పుడు పంపు విప్పి చూడకుండా నిర్ణయం రాయవద్దని మనవి.

పంపు మార్చడం పెద్ద విద్య కాదు. 10, 12 నంబరు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, గంటన్నర సమయం ఉంటే సాధారణంగా అయిపోతుంది. ముందు ప్లగ్గు క్యాపులు పీకేయాలి, లేకపోతే ఫ్యాను తిప్పినప్పుడు ఇంజను అందుకుని చెయ్యి పోతుంది. గేరు రాడ్డు జాయింటు విప్పి, లెగ్గు బోల్టులు తీసి, లెగ్గును తిన్నగా కిందికి లాగాలి. ఉప్పు పట్టి బోల్టు తిరగకపోతే సుత్తితో కొట్టకుండా తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయాలి. తల తెగిన బోల్టు తీయడానికి పట్టే కష్టం ముందు ఒక రాత్రి ఎంత? పంపు మూత బోల్టులు నాలుగు తీశాక గిన్నె, ఇంపెల్లరు, అర్ధచంద్రాకారపు చిన్న కీ, పలక, గాస్కెట్లు వరసగా గుడ్డ మీద పేర్చుకోవాలి. ఆ కీ ఇసుకలో పడితే మళ్ళీ దొరకదు, అది లేకపోతే షాఫ్టు తిరుగుతుంది గాని ఇంపెల్లరు తిరగదు.

బిగించేటప్పుడు తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. ఒకటి, రెక్కల వంపు. షాఫ్టు పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది, రెక్కల కొసలు దానికి వెనకబడి వంగాలి. ఇంపెల్లరుకు గ్లిజరిన్ గాని సబ్బు నీళ్ళు గాని రాసి, షాఫ్టును అదే వైపు తిప్పుతూ మూతను కిందికి నొక్కితే రెక్కలు వాటంతటవే సరిగా వాలుతాయి. రెండు, నీళ్ళ గొట్టం. లెగ్గు ఎక్కించేటప్పుడు గొట్టం పంపు మీది రబ్బరు బుష్షులో సూటిగా దిగాలి. పక్కకు తప్పితే అంతా బిగించాక ధార రాదు, మళ్ళీ మొదటికి. ఆ బుష్షు గట్టిపడి ఉంటే మార్చేయాలి. మూడు, షాఫ్టు పైకొన మీద గ్రీజు. పక్క పళ్ళకు రాయాలి, నెత్తి మీద పెట్టకూడదు. నెత్తిన గ్రీజు ఉంటే లెగ్గు పూర్తిగా కూర్చోదు. లెగ్గు దించినప్పుడే గేరు ఆయిల్ కూడా చూడాలి. పాల రంగులో ఉంటే సీలు గుండా నీరు దిగుతోందన్నమాట.

మామూలు నీళ్ళలో పంపును ఏడాదికోసారి గాని 100 గంటలకోసారి గాని చూడమంటారు. మా మొగ ఇసుకలో ఆ లెక్క పనికిరాదు. సీజను మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి విప్పి తీరాలి. అందుకే ఒక్కో మోటారుకు రెండు పంపు కిట్లు కావాలంటున్నాం. కిట్ అంటే ఇంపెల్లరు ఒక్కటి కాదు. గిన్నె, పలక, కీ, గాస్కెట్లు, సీళ్ళు అన్నీ కలిపి. అసలు కంపెనీవే ఇవ్వాలి. రోడ్డు పక్క దొరికే నకిలీ ఇంపెల్లరు రబ్బరు గట్టిగా ఉంటుంది. చేత్తో రెక్కను వంచి వదిలితే మంచిది చటుక్కున లేస్తుంది, నకిలీది సోమరిగా లేస్తుంది. పల్లెలో స్పేరు లేకపోతే బరంపురానికో విశాఖకో పరిగెత్తాలి, ఆ రోజు వేట పోయినట్టే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారులకు సాధారణ వర్గాలైతే 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలైతే 60 శాతం సబ్సిడీ లెక్క పెట్టారు. పడవకూ ఇంజనుకూ యూనిట్ ధర కట్టేటప్పుడే ఈ కిట్లను అందులో కలపండి. విడిగా కొనుక్కోమంటే కొనరు, అది మా అనుభవం.

థర్మోస్టాటు గురించి క్లుప్తంగా. ఇసుక ఇరుక్కుంటోందని దాన్ని పీకి పారేస్తున్నారు. తీసేస్తే మోటారు ఎప్పుడూ చల్లగానే నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది. ఉప్పునీటి మోటార్లలో అది సుమారు 50 నుంచి 60 డిగ్రీల మధ్య తెరుచుకునేలా ఉంటుంది, ఎందుకంటే అంతకు మించి వేడెక్కితే ఉప్పు పెళ్ళలు కట్టడం మొదలవుతుంది. గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో థర్మోస్టాటును వేలాడదీసి, పొయ్యి మీద పెట్టి థర్మామీటరుతో చూస్తే తెరుచుకుంటోందో లేదో తెలిసిపోతుంది. చెడిందైతే కొత్తది వేయాలి.

ఇప్పుడు మంచినీళ్ళ సంగతి. వేట నుంచి వచ్చాక మోటారును మంచినీళ్ళలో పది పదిహేను నిమిషాలు స్లో మీద నడిపితే ఇసుక, ఉప్పు రెండూ పోతాయి. మా రేవుల్లో ఎవరూ చేయకపోవడానికి కారణం బద్ధకం కాదు. రేవులో మంచినీళ్ళు లేవు. తాగడానికే బిందెలు మోసుకొచ్చే చోట మోటారుకు ఎవరు పోస్తారు? ప్రతి రేవులో ఒక బోరు, దాని పక్కన మోటారు వేలాడదీసే కొయ్య స్టాండు, ఒక 200 లీటర్ల డ్రమ్ము ఉంటే చాలు. ఫ్యాను విప్పి మోటారును డ్రమ్ములో దించాలి, నీరు క్యావిటేషన్ ప్లేటు మీద కనీసం బెత్తెడు పైకి ఉండాలి. గేరు న్యూట్రల్‌లో, స్పీడు స్లోలో. ముందే లెగ్గు మీద ఒక చెంబు నీళ్ళు పోసి ఇసుక కడిగేస్తే డ్రమ్ములో నీరు త్వరగా పాడవదు. నాలుగైదు మోటార్లు కడిగాక నీరు వేడెక్కి, నూనె తెట్టె కట్టి, ఉప్పగా మారుతుంది. అప్పుడు మార్చాలి. ఈ పని షెడ్డు లోపల తలుపులు మూసి చేయకూడదు, పొగ ప్రాణం తీస్తుంది. మోటారుతో పాటు కన్నాలకు తగిలించే రబ్బరు చెవులు, హోసు పైపు ఇస్తే డ్రమ్ము లేని ఇంటి దగ్గరా పని జరుగుతుంది.

తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ పరిధిలో తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం ఉంటుంది. దాన్ని మేం గౌరవిస్తున్నాం. అయితే ఆ ఏడు నెలలు కడగకుండా మూలన పడేసిన మోటారులో ఉప్పు గడ్డకట్టి దారులు పూడిపోతాయి, ఇంపెల్లరు రెక్కలు వంగిన వైపే బిగుసుకుపోతాయి. జూన్ మొదటి వారంలో మోటార్లు వరసగా పట్టేయడానికి కారణం ఇదే. నిషేధం మొదలయ్యే ముందే మోటారును కడిగి, లెగ్గు నిలువుగా కిందికి ఉంచి నీరు పూర్తిగా కారనిచ్చి, నీడలో నిలబెట్టాలి. మోటారుకు బదులు తాము తుప్పు పట్టి దాన్ని కాపాడే జింకు ముక్కలు సగం కరిగితే మార్చాలి, వాటికి రంగు వేయకూడదు. జూన్‌లో దించేముందు ఇంపెల్లరు కొత్తది వేయాలి. మీరు ఇచ్చే నిషేధకాలపు సాయం పంచే రోజే ఈ కిట్లూ పంచితే వేరే సభ పెట్టనక్కర్లేదు.

చిల్కా లోపలే తిరిగేవాళ్ళకు మాత్రం ఔట్‌బోర్డ్ మోటారు ఇవ్వకపోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం. అక్కడ అల తాకిడి లేదు, లోతు లేదు, నాచు ఉంది. గాలితో చల్లబడే ఇంజనుకు పొడవాటి షాఫ్టు ఉన్న లాంగ్‌టెయిల్‌కు నీళ్ళ పంపే లేదు, కాబట్టి నాచు దాని ఊపిరి తీయదు. ఫ్యానును నీటి మీదికి తేల్చి నడపవచ్చు. అల దాటాల్సిన సముద్రపు పడవకు లాంగ్‌టెయిల్ సరిపడదు, దానికి ఔట్‌బోర్డే కావాలి. రెండు రకాల వేటకూ ఒకే టెండరు, ఒకే మోటారు అనే పద్ధతి మార్చండి.

మొగ దారికి వెదురు గుర్తులు కూడా కావాలి. దారి ఏటా మారుతుంది, వరద తగ్గాక ఒకసారి, జూన్‌కు ముందు ఒకసారి లోతు కొలిచి, వెదుళ్ళు పాతి ఎర్రజెండాలు కట్టిస్తే మెట్ట ఎక్కే పడవలు తగ్గుతాయి. ఏ సంఘం వాళ్ళైనా ఒక్క రోజులో చేయగల పని, వెదురుకూ పడవ ఖర్చుకూ కొంత డబ్బు ఇస్తే చాలు.

చివరిగా పుస్తకం మాట. మోటారు పెట్టెలో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పెద్దవాళ్ళలో చాలామందికి ఏ లిపీ రాదు. కాబట్టి బొమ్మలతో ఒకే కాగితం వేయండి: ధార ఎలా ఉండాలి, రెక్క వంపు ఎటు, డ్రమ్ములో నీరు ఎక్కడిదాకా. కింద రెండు లిపుల్లో రెండేసి ముక్కలు. నీళ్ళు పట్టని ప్లాస్టిక్ కాగితం మీద వేసి మోటారు మూత లోపల అంటిస్తే పడవలోనే ఉంటుంది. పల్లెకు ఇద్దరు కుర్రాళ్ళను పంపు విప్పడం, బిగించడం వరకైనా విశాఖలోని సిఫ్నెట్ (కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ) కేంద్రం లాంటి చోట శిక్షణకు పంపండి. మా వాళ్ళకు అది రైలులో కొద్ది గంటల దూరం.

వచ్చే మే నెలాఖరులోపు ఏదో ఒక రేవులో ఒక్క పూట రండి. పోయిన సీజనులో పట్టేసిన మోటార్ల పంపులు మీ ముందే విప్పుతాం. గిన్నె లోపల మీరే గోరు పెట్టి గీసి చూడండి. పానాలు, డ్రమ్ము, కొయ్య స్టాండు మావే. షాఫ్టు పొడవు గడి ఉన్న కొత్త ఫారం నమూనా ఒకటి మీరు తెస్తే, ఆ పూటే పది పడవల వెనక చెక్కలు కొలిచి నింపి ఇస్తాం.

ఇట్లు,
గంజాం తీరపు తెలుగు పల్లెల మోటారు మెకానిక్కులు, సరంగులు, పడవ యజమానులు